నిలిచిన ఇరుసు

సైకిలు చక్రం నడుమ ఇన్నాళ్లూ ఉన్నది పిడికెడు ఇనుము, కొన్ని బాల్స్, కాస్త గ్రీజు. సైకిలును విద్యుత్తుతో నడిపే హబ్ మోటార్ ఆ చోటులోనే కాపురం పెడుతుంది. గేర్లు లేని రకంలో రాగి తీగ చుట్టలు ఇరుసుకు అంటుకుని కదలకుండా ఉంటాయి, అయస్కాంతాలున్న డొప్ప వాటి చుట్టూ తిరుగుతుంది. చంపావతి నది ఒడ్డున జనపనార వడికిన నెల్లిమర్లకు తిరుగుడు కొత్త కాదు. అక్కడి జూట్ మిల్లు కదుళ్ల పనీ తిరుగుడే.

మోటార్ చక్రాన్ని ముందుకు తోసినంత బలంగా ఇరుసు వెనక్కి తిరగబోతుంది. అందుకే దాని రెండు వైపులా చదును చేసి, ఫోర్కు గాడిలో కూర్చోబెట్టి, తిరగకుండా ఆపే టార్క్ వాషరు వేసి నట్టు బిగిస్తారు. బిగింపులో అన్నింటికన్నా శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. నట్టు వదులైతే ఇరుసు గిర్రున తిరిగి, దానిలోంచి బయటికి వచ్చే వైరు మెలిపడి తెగుతుంది. పరుగంతా ఆ నిలకడ మీదే ఆధారపడింది.

ఆ వైరును కిందికి వేలాడేలా వంచితే వాననీరు లోపలికి పోక, బొట్టుబొట్టుగా జారిపోతుంది. తొలి రోజుల్లో స్పోకులు సడలుతాయి, మళ్లీ బిగించాలి. మన దేశంలో మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న సైకిలుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

బ్యాటరీ అయిపోయినా పెడళ్లు ఉంటాయి. గేర్లున్న రకంలో లోపలి ఫ్రీవీల్ మోటార్‌ను విడిచేసి చక్రాన్ని తేలిగ్గా తిరగనిస్తుంది. నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్లే దారిలో అప్పుడు మళ్లీ పాత చైను చప్పుడే వినిపిస్తుంది.