లివర్ రైఫిల్‌కు నునుపు పట్టించే వర్క్‌షాపు

లివర్ యాక్షన్ రైఫిల్‌లో ట్రిగ్గర్ వెనక వేళ్లు దూర్చే ఇనుప వలయమే మీట. కాల్చాక దాన్ని కిందికి, ముందుకు తోస్తే బ్యారెల్ వెనక భాగాన్ని మూసి ఉంచే బోల్ట్ వెనక్కి జరిగి కాలిన తూటా డొప్పను బయటికి విసురుతుంది, పోతూ పోతూ తూటాను పేల్చే హ్యామర్‌ను వెనక్కి వాల్చి సిద్ధం చేస్తుంది. మీటను మళ్లీ పైకి లాగితే కొత్త తూటా బ్యారెల్ వెనకనున్న గదిలోకి చేరుతుంది. ఈ రాకపోకలను తేలిక చేయడం, వాటి దూరం తగ్గించడం అమెరికాలో ఒక ప్రత్యేకమైన చేతిపని. అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగర శివార్లలో, ఒక ఇంటి వెనక షెడ్డులో నడిచే వర్క్‌షాపులో ఆ పని మొదటి నుంచి చివరిదాకా చూసే వీలు కలిగింది.

ఇలాంటి షాపులకు గిరాకీ తెచ్చినవి కౌబాయ్ పోటీలు. 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ ఈ ఆటకు నియమాలు పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు వేషంలో, ఆ కాలపు నమూనా తుపాకులతో ఇనుప పలకలను కొట్టాలి. 1971లోనే కౌబాయ్ సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసిన తెలుగువారికి ఆ టోపీలు, బూట్లు కొత్త కావు. కానీ ఇక్కడ లెక్కంతా గడియారానిది. గురి తప్పిన ప్రతి తూటాకూ ఐదు సెకన్లు అదనంగా పడతాయి. రైఫిల్ వంతులో సాధారణంగా పది తూటాలుంటాయి, ఆరితేరినవారు ఆ పదింటినీ మూడు సెకన్లలో ముగిస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు వాడితే అంత వేగం కష్టం.

బెంచి మీద ఉన్నవాటిలో ఎక్కువ 1873 నమూనావే. చొక్కాల వ్యాపారంలో సంపాదించిన ఆలివర్ వించెస్టర్ తుపాకుల్లోకి దిగాక, 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ పేటెంటు పొందిన రైఫిల్‌తో ఈ వంశం నిలదొక్కుకుంది. 1866లో పక్కనుంచి తూటాలు నింపే ద్వారం, 1873లో ఇనుప చట్రం వచ్చాయి. నాటి అసలు తుపాకులు ఇప్పుడు పురావస్తువులు, వాటిని ఆకురాయితో తాకడం పాపమే. ఇక్కడికి వచ్చేవి ఇటలీలోని ఉబెర్టి కంపెనీ తయారుచేసే నకళ్లు.

పని కొలతతో మొదలవుతుంది. ప్రైమర్ (హ్యామర్ దెబ్బకు మందును అంటించే చిన్న టోపీ), మందు లేని డమ్మీ తూటాలు నింపి, మీటను నెమ్మదిగా ఆడిస్తూ ఎక్కడ పట్టేస్తోందో చేత్తో తెలుసుకుంటారు. ఆ తర్వాత రెండు పక్క పలకలూ విప్పుతారు. లోపల బోల్ట్‌ను నడిపేవి జంట లింకులు. మూసి ఉన్నప్పుడు అవి చాచిన మోకాలిలా తిన్నగా నిలిచి దెబ్బను ఆపుతాయి, మీట తోస్తే మడుచుకుంటాయి. వీటి మధ్య పైకీ కిందికీ కదిలే ఇత్తడి దిమ్మ, అంటే క్యారియర్, తూటాను గది ఎత్తుకు లేపుతుంది.

కదిలే భాగాలకు నీలిరంగు పూసి బిగించి, కొన్నిసార్లు ఆడించి విప్పితే ఎక్కడ రంగు పోయిందో అక్కడ రాపిడి ఉన్నట్టు. ఆ చోటును మాత్రమే సన్నటి నూనెరాయితో రుద్దుతారు. కొత్తగా నేర్చుకునేవారి తొందర ఇక్కడే బయటపడుతుందని షాపు మేస్త్రి అభిప్రాయం. అద్దంలా మెరిసే దాకా రుద్దాలనిపిస్తుంది, కానీ కొన్ని భాగాలకు పైపొర మాత్రమే గట్టిది. అది పోతే కింది మెత్తటి ఉక్కు త్వరగా అరిగి, తుపాకీ మునుపటికన్నా వదులవుతుంది. మిషను గీతల అంచులు విరిగితే చాలు, గీతలు పూర్తిగా పోనక్కరలేదు.

నిజానికి మీట బరువులో పెద్ద వాటా రాపిడిది కాదు, స్ప్రింగులది. చట్రం అడుగున మీటనూ క్యారియర్ చేతినీ పట్టి ఉంచే రెండు బద్ద స్ప్రింగులు ఫ్యాక్టరీలో అవసరానికి మించి బిగువుగా వస్తాయి. వాటి బదులు పల్చటివి వేస్తే తేడా ఆ క్షణమే చేతికి తెలుస్తుంది. ఖర్చు తక్కువ, నచ్చకపోతే పాతవి తిరిగి పెట్టుకోవచ్చు. హ్యామర్‌ను కొట్టించే ప్రధాన స్ప్రింగు సంగతి వేరు. అది మరీ బలహీనమైతే గట్టి ప్రైమర్లు పేలవు. అందుకే తేలిక స్ప్రింగు వాడే పోటీదారులు మెత్తటివని పేరున్న ఫెడరల్ ప్రైమర్ల కోసం వెతుకుతారు. దొరికిన తూటా ఏదైనా కాల్చాలనుకునే వేటగాడికి ఈ మార్పు పనికిరాదు.

ఎక్కువమంది అడిగి చేయించుకునేది షార్ట్ స్ట్రోక్. లింకుల్లో రంధ్రాల స్థానాలు మార్చిన కొత్త భాగాలు వేస్తే, మీట కొద్దిగా తిరిగినా బోల్ట్ కావలసినంత దూరం పోతుంది. అయితే దూరం తగ్గితే బలం పెరగక తప్పదు. స్ప్రింగులు సడలించకుండా, రాపిడి తీయకుండా షార్ట్ స్ట్రోక్ ఒక్కటే వేసిన రైఫిల్‌ను ఆడిస్తే ఫ్యాక్టరీ తుపాకీకన్నా మొండిగా అనిపించింది. కొత్తవారికి దీనికోసం వందల డాలర్లు పెట్టడం దండగ. చెయ్యి కుదిరేదాకా మామూలు లింకులే మేలు. ఇత్తడి క్యారియర్ స్థానంలో అల్యూమినియంది పెట్టడం దీని తర్వాతి మెట్టు. బరువు మూడో వంతుకు పడిపోతుంది కనుక ఎగరడం, ఆగడం రెండూ చురుగ్గా ఉంటాయి.

వేరే నమూనాలకు వేరే జబ్బులున్నాయి. మార్లిన్ 1894లో మీట అంచు క్యారియర్‌ను గీసి గీసి అరగదీస్తుంది. అప్పుడు రెండో తూటా వెనక్కి జారి యంత్రం బిగుసుకుపోతుంది. ఆటగాళ్లు దీన్ని మార్లిన్ జామ్ అనే పిలుస్తారు. ఆ అంచును గుండ్రం చేయడమే నివారణ. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనాకు బ్రెజిల్‌లో రోసీ తీసే నకళ్లలో డొప్పను బయటికి తోసే ఎజెక్టర్ స్ప్రింగు మరీ బలంగా ఉండి, మీటను మొరాయింపజేస్తుంది, డొప్పలను దూరంగా విసిరేస్తుంది.

ఈ షాపులో ఒప్పుకోని పని ఒకటుంది. 1873లో మీట పూర్తిగా మూసుకునే వరకూ ట్రిగ్గర్‌ను కదలనివ్వని చిన్న అడ్డం ఉంటుంది. వేగం కోసం కొందరు దాన్ని తీసేయమంటారు. అది లేకుంటే లింకులు తిన్నగా నిలవకముందే తూటా పేలే ప్రమాదం ఉంది. అప్పుడు మందు దెబ్బ తగిలేది కాల్చేవాడి ముఖానికే. లింకుల అమరిక అంత బలమైనదీ కాదు. మరీ బలమైన తూటాలకు చోటివ్వకుండా, పోటీల్లో రైఫిల్ తూటా వేగం సెకనుకు 1,400 అడుగులకు మించకూడదన్న నియమం ఎలాగూ ఉంది.

చివర్లో మీట వలయానికి తోలు చుడతారు. పోటీల్లో రోజంతా ఆడిస్తే వేళ్ల వెనక చర్మం లేచిపోతుంది. డమ్మీ తూటాలతో నెమ్మదిగా, వేగంగా, తుపాకీని పక్కకు వాల్చి కూడా ఆడించి చూశాకే అసలు తూటాలతో రేంజికి పంపుతారు.

అమెరికాలో ఇతరుల తుపాకులు బాగుచేసే వ్యాపారానికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీలో మార్పులు చేయడమే కాదు, రిపేరు చేయడం, పరీక్షించడం కూడా నిషిద్ధం.