గూట్లో దీపం

"గూట్లో దీపం, నోట్లో ముద్ద" అని మన పెద్దలొక మాట అనేవారు. దీపం పెట్టిన వెంటనే అన్నం తినేసి పడుకునే పల్లె దినచర్యకు అది గుర్తు. దాన్ని కిరసనాయిలు పొదుపుగానో, పని తెమిలిన రైతు తొందరగానో మాత్రమే చాలాకాలం అర్థం చేసుకుంటూ వచ్చాం. ఈ నాలుగు మాటల వెనుక నిద్రను గురించిన ఎరుక కూడా ఉందని నాకు అనిపించడానికి కారణం మా నాయన.

మాది అనంతపురం జిల్లా బెళుగుప్ప. కల్యాణదుర్గం, ఉరవకొండల నడుమ పరుచుకున్న మెట్టనేల. ఊరి పేరు నా చెవికి ఎప్పుడూ "వెలుగుల కుప్ప" అనే వినిపిస్తుంది. కన్నడసీమ పక్కనే ఉన్నందువల్ల వాళ్ల "బెళగు" కూడా గుర్తుకొస్తుంది. పేరు మాట ఎలా ఉన్నా, మా ఊళ్లో వెలుగుకు కరువు లేదు. కరువంతా వానకే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే జిల్లా మాది. ఆ కాస్త వానైనా చెనక్కాయ పైరు నోరు తెరిచినప్పుడు రాదు.

అందువల్ల బోరు తవ్వించుకున్న రైతుకు రాత్రి అంటే విశ్రాంతివేళ కాదు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రోజుకు ఏడు గంటలన్న ఆ సరఫరా పగలు కొంత, రాత్రి కొంతగా విడతల్లో వచ్చేది. అర్ధరాత్రి త్రీఫేజు కరెంటు వచ్చిందంటే బ్యాటరీ చేతబట్టుకొని, గట్టు మీద పాము ఉందేమో చూసుకుంటూ స్టార్టరు దగ్గరికి నడవవలసిందే. మా నాయన ఏళ్ల తరబడి రాత్రికి రెండు నిద్రలు పోయాడు. కరెంటు రాకముందు ఒకటి, మడికి నీళ్లు పారించి వచ్చాక ఒకటి. అయినా నిద్ర పట్టడం లేదన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఆ నిద్ర కాస్తా సేద్యం మానుకున్నాక పోయింది. బోరు ఎండింది, మోకాళ్లు అరిగాయి, చేను గుత్తకిచ్చాం. ఇంటిపట్టున ఉండే మనిషికి హాయిగా నిద్ర పట్టాలి కదా! తొమ్మిదింటికి మంచమెక్కితే పన్నెండు దాటినా కళ్లు మూతపడేవి కావు. చివరికి మాత్రలు మొదలయ్యాయి. ఒక రాత్రి మాత్ర మత్తులో దొడ్డివైపు వెళ్లబోతూ గడప తట్టుకొని పడ్డాడు. తుంటి విరగలేదు గానీ నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాతే నేను నిద్రను గురించి చదవడం మొదలుపెట్టాను.

కన్ను చూడటానికే అనుకుంటాం. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం మెలనాప్సిన్ అనే కాంతిగ్రాహక వర్ణకాన్ని కప్ప చర్మంలో కనిపెట్టింది. అదే వర్ణకం మనిషి కంటి లోపలిపొరలోనూ ఉందని 2000లో తేలింది. ఆ వర్ణకమున్న కణాలు తమంత తామే వెలుతురును పసిగట్టి, మెదడులోని గడియారానికి కబురు పంపుతాయని 2002నాటి పరిశోధనలు చూపించాయి. బొమ్మ చూపించడం వాటి ముఖ్యమైన పని కాదు. పొద్దు ఉందా, గుంకిందా అని చెప్పడమే వాటి ఉద్యోగం. అవి అన్నిటికంటే ఎక్కువగా స్పందించేది 480 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలికాంతికి. ఆ కాంతి పడినంతసేపూ రాత్రిని సూచించే మెలటోనిన్ స్రావం అణగి ఉంటుంది. పగటి ఆకాశంలో నీలం నిండుగా ఉంటుంది. దీపపు మంటలో ఉండేది బహుస్వల్పం.

దీపాల పెట్టెల మీద కెల్విన్లలో ఒక అంకె అచ్చువేస్తారు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, కాగేకొద్దీ తెల్లబడటం మనం చూసిందే. ఆ లెక్క ప్రకారం దీపపు మంట సుమారు 1,900, పాత పసుపు బల్బు 2,700, ఇప్పటి తెల్లదీపం 6,500. తమాషా ఏమిటంటే, కొలిమి లెక్కలో తక్కువ వేడిదాన్నే మనం వెచ్చని వెలుగంటాం.

2014లో భౌతికశాస్త్ర నోబెల్ నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు దక్కింది. తెల్లని ఎల్ఈడీలో అసలు వెలిగేది ఆ నీలమే. పైనున్న పసుపుపచ్చని పూత కొంత నీలాన్ని పసుపుగా మారిస్తే, రెండూ కలిసి కంటికి తెలుపవుతాయి. అదే 2014లో పాత 60 వాట్ల బల్బులు తీసుకొని, 10 రూపాయల చొప్పున 7 వాట్ల ఎల్ఈడీలు ఇచ్చే పథకానికి మన రాష్ట్రం మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, గుంటూరులతో పాటు అనంతపురమూ ఒకటి. కరెంటు ఆదా చిన్న విషయం కాదు, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. మా ఇంట్లోని తెల్లదీపాలు మేమే అంగడిలో కొని తెచ్చుకున్నవి.

నాయన దినచర్యను ఈ వెలుతురు లెక్కలో పెట్టి చూశాను. చేనులో ఉన్న రోజుల్లో ఆయన మీద పడిన నడిపొద్దు వెలుతురు దాదాపు లక్ష లక్సులు. సందెకు పసుపు బల్బొకటి, అదీ కరెంటుంటే. ఇప్పుడు పగలంతా నడవాలో నీడపట్టున రెండు మూడు వందల లక్సులు, రాత్రి పది దాకా నెత్తిమీద తెల్లని ట్యూబు. పగలు మసక, రాత్రి మెరుపు. పగటికీ రాత్రికీ ఉన్న తేడా చెరిగిపోతే లోపలి గడియారం దేన్ని నమ్ముకోవాలి? 2022లో నిద్రాశాస్త్రజ్ఞుల బృందమొకటి, ఈ కణాల స్పందనను బట్టి కొలిచే లక్సుల్లో పగలు కనీసం 250, పడకకు ముందు మూడు గంటలూ 10కి మించకుండా, నిద్రలో 1కి మించకుండా ఉండాలని సూచించింది. అంటే వెచ్చని దీపం మందులో సగమే. తక్కిన సగం పగటి వెలుగు.

నడవాలో ట్యూబు స్థానే 2,200 కెల్విన్ల చిన్న బల్బును పాత దీపపుగూట్లో అమర్చాను. ముసలికళ్లకు వెలుతురు ఎక్కువే కావాలి, చీకట్లో నడిపిస్తే మళ్లీ పడతాడు. అందుకని గడప పక్కన, నేలకు జానెడెత్తున, నారింజరంగు దీపమొకటి రాత్రంతా ఉంచాను. పొద్దున్నే గంటసేపు ఆరుబయట నడక, మధ్యాహ్నపు కునుకు బందు. మాత్రలను వైద్యుడి సలహాతోనే కొద్దికొద్దిగా తగ్గించాం.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఏం నాయనా, మళ్లీ గుడ్డిదీపాల కాలానికి తీసకపోతాండావా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బుడ్డీదీపం పొగలో కళ్లు మండుతుండగా సంగటి కెలికిన మనిషి ఆమె. ఆమెకు తెల్లలైటు అంటే గౌరవం, తేలు కనబడుతుందన్న ధైర్యం. ఆ కష్టం పడనివాళ్లకే బుడ్డీదీపం అందంగా తోస్తుంది. అందుచేత వంటింటి జోలికి పోలేదు. అక్కడ ఇప్పటికీ 6,500 కెల్విన్లే. వంట ముగిశాక ఆమే ఆర్పి నడవాలోకి వస్తుంది. ఎనిమిదిలోపు భోజనాలవుతున్నాయి.

రెండు నెలలకు నాయన పదిన్నరకల్లా నిద్రపోతున్నాడు. ఈ ఫలితమంతా దీపానిదే అనడం అన్యాయం. పొద్దుటెండకూ, మానేసిన కునుకుకూ అందులో వాటా ఉంది. అర్ధరాత్రి రెండింటికి మెలకువ మాత్రం పోలేదు. ఇప్పుడు పోయే మోటారు లేకపోయినా లేస్తాడు, నారింజ వెలుగులో దొడ్డిదాకా వెళ్లివచ్చి మళ్లీ పడుకుంటాడు. ఆ రెండో నిద్ర కూడా ఆయనకు తిరిగి దక్కింది.

మన భాషలో దీపాన్ని ఆర్పు అనకూడదని "ఘనం చేయి" అనేవారు. ట్యూబులైటును ఘనం చేయమని ఎవరూ అనగా వినలేదు, దాన్ని ఆపేస్తాం, అంతే. మొన్న నేను ఊళ్లో ఉన్నప్పుడు తొమ్మిదిన్నర వేళ నాయన ఆవులిస్తూ మంచం మీద ఒత్తిగిలి, గూటివైపు చూపించి, "అబ్బోడా, దీపం ఘనం చెయ్యి" అన్నాడు. లేచి స్విచ్చి నొక్కాను.