క్లైవ్ చదివిన సంత ఊరు

బుధవారం వచ్చిందంటే చాలు... ఆ ఊరి వీధులు దుకాణాలతో కళకళలాడతాయి. ఇవాళో నిన్నో మొదలైన ముచ్చట కాదది. ఏడున్నర శతాబ్దాలకు పైబడిన ఆనవాయితీ. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కౌంటీలో, టెర్న్ నది పక్కన ఉన్న ఆ చిన్న పట్టణం పేరు మార్కెట్ డ్రేటన్. జనాభా సుమారు 12 వేలు. మన మండల కేంద్రాల్లో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయినా మన కోస్తా చరిత్రను మలుపు తిప్పిన మనిషి ఒకడు చిన్నప్పుడు ఇక్కడి బళ్లో చదువుకున్నాడు. అతనే రాబర్ట్ క్లైవ్!

రాజుగారి అనుమతితో...

1086లో ఇంగ్లండు రాజు చేయించిన భూముల లెక్కల పుస్తకంలోనే డ్రేటన్ ప్రస్తావన ఉంది. తర్వాతి కాలంలో ఈ ఊరు కోంబర్‌మియర్ మఠం సన్యాసుల చేతికొచ్చింది. 1245లో మూడో హెన్రీ రాజు వాళ్లకి ఇక్కడ వారంవారం సంత జరుపుకునే హక్కు ఇచ్చాడు. ఆ రోజుల్లో సంత పెట్టాలంటే రాజుగారి అనుమతి ఉండాల్సిందే. సంత ఉన్న ఊరికి చుట్టుపక్కల పల్లెల రైతులు సరుకు తెస్తారు, కొనేవాళ్లు వస్తారు, సుంకం రూపంలో యజమానికి ఆదాయం. అలా సంతతో బతికిన డ్రేటన్, మార్కెట్ డ్రేటన్ అయింది.

1651లో ఊరికి పెద్ద కష్టమే వచ్చింది. ఓ రొట్టెల బట్టీలో నిప్పు రాజుకుని, చెక్క ఇళ్ల మీదుగా ఊరంతా పాకింది. మూడింట రెండొంతుల పైగా పట్టణం బూడిదైపోయింది. తర్వాత మళ్లీ కట్టుకున్న ఇళ్లలో కొన్ని ఇప్పటికీ నిలిచున్నాయి. నల్లటి కలప చట్రాలు, మధ్యలో తెల్లటి గోడలతో ముచ్చటగా కనిపిస్తాయి. ఊరి నడుమ 'బటర్‌క్రాస్' అనే స్తంభాల మండపం ఉంది. పల్లెల నుంచి వెన్న, గుడ్లు తెచ్చిన ఆడవాళ్లు ఎండావానల నుంచి కాచుకుంటూ అమ్ముకోవడానికి పెట్టిన నీడ అది. దానిమీద ఓ గంట. మళ్లీ ఎప్పుడైనా నిప్పంటుకుంటే మోగించడానికట!

పేరుకే బ్రెడ్డు

ఈ ఊరి మరో గుర్తు జింజర్‌బ్రెడ్. పేరులో బ్రెడ్డున్నా, ఇక్కడ చేసేది వేళ్లలా పొడుగ్గా, కరకరలాడుతూ ఉండే అల్లం బిస్కెట్టు. దాన్ని తీయటి పోర్ట్ వైన్‌లో ముంచుకు తినడం స్థానికుల అలవాటు. మనం చాయ్‌లో బిస్కెట్టు ముంచుకున్నట్టే అన్నమాట! రెండు వందల ఏళ్లకు పైగా ఊరికి పేరు తెస్తున్న ఈ వంటకంలో అసలు సరుకైన అల్లం మాత్రం ఇంగ్లండులో పండే పంట కాదు. సముద్రాలు దాటి, ఓడల్లో రావాల్సిందే. బేకరీ కూడా ఓడల వ్యాపారం మీద ఆధారపడిన ఊరన్నమాట.

కాలువ వచ్చింది... రైలు వెళ్లింది

పట్టణం పక్కనుంచి సాగే కాలువకి రూపమిచ్చిన ఇంజినీరు థామస్ టెల్ఫర్డ్. అది 1835లో మొదలయ్యే నాటికి ఆయన లేడు, అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు. ఊరి శివార్లలోని టర్లీ దగ్గర వరసగా ఐదు లాకులున్నాయి. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ధవళేశ్వరం కాలువల లాకులు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఒకప్పుడు సరుకులు మోసిన ఈ దారిలో ఇప్పుడు రంగురంగుల విహార పడవలు తిరుగుతున్నాయి. 1863లో వచ్చిన రైలు మాత్రం సరిగ్గా వందేళ్లు నడిచి, 1963లో ప్రయాణికులకు సెలవు చెప్పేసింది.

గోపురమెక్కిన అల్లరి పిల్లాడు

ఊరికి దగ్గర్లోని స్టైక్ హాల్‌లో 1725 సెప్టెంబరు 29న పుట్టాడు క్లైవ్. 1555లో సర్ రోలాండ్ హిల్ స్థాపించిన ఇక్కడి గ్రామర్ స్కూల్లో కొన్నాళ్లు చదివాడు. అతని అల్లరి గురించి ఊళ్లో బోలెడు కథలున్నాయి. సెయింట్ మేరీస్ చర్చి గోపురమెక్కి, అంచున బయటికి పొడుచుకొచ్చిన రాతి బొమ్మ మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాడనేది ఒకటి. పిల్లల ముఠాను కూడగట్టి, 'కిటికీ అద్దాలు పగలకుండా ఉండాలంటే డబ్బులివ్వండి' అని దుకాణదారులను బెదిరించాడనేది ఇంకోటి. నిజమెంతో గానీ, రెండో కథ వింటే భారతీయులకు అతని తర్వాతి జీవితం గుర్తుకు రాక మానదు.

1744లో కంపెనీ గుమాస్తాగా మద్రాసులో అడుగుపెట్టిన కుర్రాడు, 1757లో ప్లాసీ యుద్ధం గెలిచాడు. మీర్ జాఫర్ నుంచి సొంతానికి 2,34,000 పౌన్లు పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాది విజయనగరం రాజు ఆనందరాజు సాయం కోరితే, బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను సైన్యంతో పంపింది క్లైవే. 1758 డిసెంబరులో ఇప్పటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1759 ఏప్రిల్లో బందరు కోట కూడా పడిపోయింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించాడు క్లైవ్. గోదావరి, కృష్ణా తీరాల రైతు కట్టే శిస్తు ఆ తర్వాత కంపెనీ ఖజానాకు చేరడం మొదలైంది.

రాయి లేని సమాధి

సంపదతో తిరిగొచ్చిన క్లైవ్‌ను సొంత దేశమే బోనెక్కించింది. అతని ఆస్తి మీద పార్లమెంటు విచారణ జరిపింది. 1770 నాటి బెంగాల్ కరవులో లక్షలాది మంది ఆకలితో చనిపోయిన వార్తలు కంపెనీ పేరుకు మచ్చ తెచ్చాయి. 1774 నవంబరు 22న, 49 ఏళ్ల వయసులో అతను లండన్‌లో చనిపోయాడు. మార్కెట్ డ్రేటన్ దగ్గరి మోర్టన్ సే పల్లె చర్చిలో పూడ్చిపెట్టారు. ఎక్కడ పూడ్చారో చెప్పే రాయి లేదు. గోడ మీద చిన్న ఫలకం మాత్రం ఉంది. 'ఇండియాలో మొదటివాడు' అని దానిమీద లాటిన్‌లో రాశారు.

అదే కౌంటీలోని ష్రూస్‌బరీ నడిబొడ్డున క్లైవ్ విగ్రహం 1860 నుంచీ ఉంది. 2020లో దాన్ని తీసేయాలంటూ వేలమంది సంతకాలు చేశారు. ఉంచాలనీ కొందరు పట్టుబట్టారు. చివరికి కౌన్సిల్ ఓటింగులో ఉంచాలన్నవాళ్లదే పైచేయి అయింది. వాదన మాత్రం ఆగలేదు.

ఇంగ్లండు వెళ్లే తెలుగువాళ్లు లండన్, స్ట్రాట్‌ఫర్డ్ చూసి వచ్చేస్తుంటారు. ఓ బుధవారం వీలు చేసుకుని మార్కెట్ డ్రేటన్ కూడా వెళ్లొచ్చు. సంతలో తిరిగి, అల్లం బిస్కెట్లు కొనుక్కుని, చర్చి గోపురాన్ని తలెత్తి చూడొచ్చు. అక్కడి నుంచి మోర్టన్ సే నాలుగైదు కిలోమీటర్లే. చందుర్తి, బందరు పేర్లు ఆ చర్చి ఫలకం మీద ఉండవు. పిల్లలు అడిగితే, ఆ కథ చెప్పాల్సింది మనమే.