మిగిలిపోయిన అర మైలు

"బతికిపోయావు" అని నాతో చాలామంది అన్నారు. విన్నప్పుడల్లా నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలుగుతుంది. ఆ సిగ్గు గురించి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

2013 ఏప్రిల్ 15, బోస్టన్ మారథాన్. హాప్‌కింటన్ నుంచి బాయిల్‌స్టన్ వీధి దాకా 26.2 మైళ్ళు. నేను క్రీడాకారిణిని కాను, నలభయ్యో ఏట పరుగు మొదలుపెట్టినదాన్ని. ఒక సేవాసంస్థకి చందాలు పోగుచేసి నంబరు సంపాదించుకున్నాను.

సగం దూరంలో వెల్స్‌లీ కాలేజి వస్తుంది. అమ్మాయిలు కంచె పట్టుకుని, గొంతులు పోయేలా కేకలు వేస్తూ మనల్ని ముందుకి తోస్తారు. సరిగ్గా అక్కడే బహిష్టు వచ్చిందని తెలిసింది, నాలుగు రోజులు ముందుగా. మరుగుదొడ్డి దగ్గర వరసలో ఆరు నిమిషాలు పోయాయి. ఏడుపొచ్చింది. ఆడవాళ్ళ శరీరాలు ఇంత దూరానికి తట్టుకోలేవని నమ్మిన రోజుల్లో, 1966లో బాబీ గిబ్ పొదల చాటున దాక్కుని, నంబరు లేకుండానే ఈ దారిన పరిగెత్తింది. మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ ఇంటిపేరుకి ముందు పొడి అక్షరాలు మాత్రమే రాసి నంబరు తీసుకుంటే, నిర్వాహకుడొకడు మధ్యదారిలో దాన్ని లాక్కోబోయాడు. 1972లో గానీ మనల్ని అధికారికంగా రానివ్వలేదు. వాళ్ళు అంత కష్టపడి తెరిచిన దారిలో నా శరీరమే నన్ను ఆపుతోందే అనుకున్నాను.

మధ్యాహ్నం 2:49కి, కొన్ని సెకన్ల తేడాతో రెండు బాంబులు పేలాయి. నేను ముగింపు గీతకి అర మైలు దూరంలో ఉన్నాను. అంటే అయిదారు నిమిషాలు.

మాకేమీ కనపడలేదు. ముందు జనం ఆగిపోయారు, మేమూ ఆగాం. చెమట ఆరి వణుకు పట్టింది. కామన్‌వెల్త్ అవెన్యూ ఇళ్ళలోంచి జనం నీళ్ళు, కోట్లు, చెత్త వేసే ప్లాస్టిక్ సంచులు తెచ్చి మాకు కప్పారు. నా భర్త, కూతురు బాయిల్‌స్టన్ వీధిలోనే నా కోసం నిలబడి ఉన్నారు. ఫోన్లు కలవలేదు. వాళ్ళు రోడ్డుకి అవతలి వైపు ఉన్నారని రెండు గంటల తర్వాత తెలిసింది.

చనిపోయిన ముగ్గురిలో ఒక్కరూ పరిగెత్తినవాళ్ళు కారు. ఇద్దరు యువతులు, ఎనిమిదేళ్ళ బాబు. ఆ యువతుల్లో ఒకామె చైనా నుంచి చదువుకోవడానికి వచ్చింది. ఎవరికోసమో చప్పట్లు కొట్టడానికి నిలబడ్డవాళ్ళు. రెండు వందల అరవైమందికి పైగా గాయపడ్డారు, కొందరికి కాళ్ళు తీసేయాల్సి వచ్చింది. నా కాళ్ళు నాకున్నాయి.

తెలిసినావిడ ఒకరు, "దేవుడే ఆ టైముకి నీకు అట్లా చేశాడు" అంది. నెలనెలా నన్ను దేవుడి గది బయట కూర్చోబెట్టిన నెత్తురే ఇప్పుడు దేవుడి దయ అయిందన్నమాట! మరి ఆ బాబుకి ఆరు నిమిషాలు ఎవరివ్వలేదు? నేను బతకడానికి అర్థం వెతికితే, వాళ్ళు చనిపోవడానికీ ఒక అర్థం ఒప్పుకోవాలి. అది నావల్ల కాదు.

దానికి రెండు నెలల ముందే, ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్ళు జరిగాయి. అమ్మ ఆ సాయంత్రం అక్కడికే కూరగాయలకి వెళ్ళి, కాసేపటి ముందే మలక్‌పేట తిరిగొచ్చింది. నేను ఫోన్లో వణికిపోతూ, "ఆ టైముకి ఎందుకెళ్ళావమ్మా?" అని కసిరాను. "కూరగాయలకి ఎందుకెళ్ళావంటే ఏం చెప్పనే?" అంది అమ్మ. స్త్రీవాదినని చెప్పుకునే నేను, బాంబు పెట్టినవాణ్ణి వదిలేసి బజారుకెళ్ళిన అమ్మని నిలదీశాను.

ఏప్రిల్‌లో అమ్మ వంతు వచ్చింది. అక్కడ తెల్లవారి టీవీ చూసి చేసింది. 'నిన్నెవడు పరిగెత్తమన్నాడు' అంటుందని ఎదురుచూశాను.

"పిల్ల ఎట్లుంది?"

"బాగుందమ్మా."

"ఇంకెంత దూరముండె నీకు?"

"అర మైలు."

"మనింటి నుంచి కూరగాయల బజారంత." కాసేపు మాట్లాడలేదు. "ఏమన్నా తిన్నవా?"

ఎందుకెళ్ళావని అడగలేదు. అప్పుడు ఏడ్చాను.

సగం దాటాక ఆగిపోయిన మమ్మల్ని 2014లో మళ్ళీ పిలిచారు. వెళ్ళాను. బాయిల్‌స్టన్ వీధిలోకి తిరిగాక గీత వైపు చూడలేకపోయాను. పక్కన నిలబడ్డ మొహాలే చూస్తూ పరిగెత్తాను. ఆ రాత్రి చెప్దామని ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. అక్కడ తెల్లవారింది. కూరగాయలకి వెళ్ళిందట.