జాకీ ఒక్కటి, టైర్లు ఐదు

ఘాట్ రోడ్డు మీద తిరిగే బండి టైర్లు చూస్తే, అది ఏ దారుల్లో తిరిగిందో, ఎవరి చేతుల్లో తిరిగిందో చాలావరకు చెప్పేయొచ్చు. అరకు, పాడేరు దారుల జీపుల కింద పడుకుని బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నా. మలుపు మలుపుకీ తిరిగేవి ముందు చక్రాలు, దిగుడులో బ్రేకు బరువు మోసేవీ అవే. అందుకని వాటి అంచులు ముందు పోతాయి. తోసే పని వెనక చక్రాలది. ఎక్కుడులో, రాళ్లలో గిర్రున తిరిగి వాటి బటన్లు నడిమిన అరుగుతాయి. ఎడమ టైర్లది ఇంకో కష్టం. ఎదురుగా బస్సొస్తే మనం దిగాల్సింది ఎడమ మార్జిన్లోకే కదా, విరిగిన తారు అంచు వాటి పక్కగోడల్ని కోసేస్తుంది. ఇక స్టెప్నీ వెనక డోరుకు వేలాడుతూ ఏ పనీ లేకుండా ఎండకు ఎండుతుంటుంది.

ఈ ఐదింటికీ పని సమంగా పంచాలి. మామూలు రోడ్డు బండికైతే 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి చాలు. కొండల్లో, రాళ్లలో తిరిగే ఫోర్ బై ఫోర్‌కి నేను 5 వేలు దాటనివ్వను. దీనికి షాపు అక్కర్లేదు. బండితో వచ్చిన జాకీ ఒక్కటుంటే ఇంటి ముందు చేసుకోవచ్చు. ఎలాగో చెప్పేముందు ఎందుకో చెప్పాలి. కారణం తెలియనివాడు రెండోసారి చెయ్యడు.

ఫోర్ బై ఫోర్ గేరు వేశారంటే ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టే. రెండూ ఒకే లెక్కన తిరగాలి. ఇప్పుడు 245/75 ఆర్16 సైజు టైరు తీసుకోండి, చుట్టుకొలత సుమారు 2,430 మిల్లీమీటర్లు. వెనక కొత్తవి, ముందు 5 మిల్లీమీటర్లు అరిగినవి ఉన్నాయనుకుందాం. అప్పుడు ముందు టైరు ప్రతి కిలోమీటరుకీ ఐదు చుట్లు ఎక్కువ తిరగాల్సి వస్తుంది. మట్టిలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను వదిలించుకుంటుంది. తారు మీద జారదు. ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద, షాఫ్టు క్రాసుల మీద పడుతుంది.

విశాఖ నుంచి ఒక కుర్రాడు సొంత బండిలో వచ్చాడు. డబ్బు కలిసొస్తుందని వెనక రెండు టైర్లే కొత్తవి వేయించాడు. ఘాట్ మొత్తం పొడి తారు మీద ఫోర్ బై ఫోర్‌లోనే ఎక్కాడు. పైకొచ్చాక ఫోర్ బై ఫోర్ తీసే చిన్న లివరు రాలేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. “అన్నా, గేరు పెట్టె పోయిందా?” అని ఏడుపు గొంతుతో అడిగాడు. రివర్సులో పది అడుగులు వెనక్కి నడిపించాను. బిగువు వదిలింది, లివరు దానంతటదే వచ్చేసింది. ఆ పూటకి బతికిపోయాడు. అదే పని మళ్లీ మళ్లీ చేసి ట్రాన్స్‌ఫర్ కేసు చైను, క్రాసులు మార్చుకున్నవాళ్ల బండ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆ బిల్లుతో రెండు జతల టైర్లు వచ్చేవి.

సరే, పనిలోకి దిగుదాం. జాకీ ముట్టుకునే ముందు టైర్లు చూడాలి. మా మేస్త్రి కళ్లతో కాకుండా అరచేత్తో చూసేవారు. టైరు మీద చెయ్యి అడ్డంగా లోపలికోసారి, బయటికోసారి నిమిరేవారు. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే ఎలైన్‌మెంట్ పోయినట్టు. రెండు అంచులూ పోయి నడుమ మిగిలితే గాలి తక్కువతో నడిపినట్టు. నడుమ పోయి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. అక్కడక్కడా గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు చూసుకోవాలి. టైర్లు మార్చినంత మాత్రాన ఈ జబ్బులు పోవు. నాలుగు టైర్లకీ అంటుకుంటాయి, అంతే. ముందు జబ్బు నయం చేయించి, తరవాత మార్చండి.

కొలవడానికి డెప్త్ గేజ్ ఒకటి కొనుక్కోండి. చాలా తక్కువ ఖరీదు. ఒక్కో టైరుకు మూడు చోట్ల కొలిచి నోటు పుస్తకంలో రాయండి. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, బటన్ వాటితో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. ఆ టైరుకు రొటేషన్ అనవసరం, దాన్ని తీసెయ్యాలి. పక్కగోడ మీద నాలుగంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. స్టెప్నీ విషయంలో ఇది మరీ ముఖ్యం. బటన్ కొత్తదిలా మెరుస్తుంటుంది, పక్కగోడ మాత్రం ఎండకు బీటలు వారి ఉంటుంది. బీటలుంటే దాన్ని ఘాట్ ఎక్కించొద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. ఐదు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం అయితే స్టెప్నీని కుడి వెనక్కి ఎక్కించాలి. కుడి వెనకది నేరుగా కుడి ముందుకు. కుడి ముందుది అడ్డంగా ఎడమ వెనక్కి. ఎడమ వెనకది నేరుగా ఎడమ ముందుకు. ఎడమ ముందుది డోరు మీదికి, స్టెప్నీగా. ఈ వరసలో ఎప్పుడూ ఒక్క మూలే లేస్తుంది. ఒక చక్రం విప్పగానే దాని చోట్లోకి ఎక్కాల్సింది చేతిలో సిద్ధంగా ఉంటుంది. నాలుగు స్టాండ్లు, రెండు జాకీలు అని ఎవరైనా అంటే వినక్కర్లేదు. అయిదుసార్లు ఇలా చేస్తే ప్రతి టైరూ ఐదు చోట్లా పనిచేసి మొదటి చోటికి వస్తుంది. మా మేస్త్రి దీన్ని చాక్‌పీసుతో షెడ్డు గోడ మీద గీసి చూపించారు. ఆ రోజు నుంచి నేను ఇంకో పద్ధతి వెతకలేదు.

అయితే ఒక షరతు ఉంది. స్టెప్నీని ఈ వరసలో కలపాలంటే కొత్త టైర్లు వేసిన మొదటి 5 వేల నుంచే కలపాలి. నాలుగూ సగం అరిగాక గుర్తొచ్చి కొత్త స్టెప్నీ ఎక్కిస్తే, ఒకే యాక్సిల్ మీద ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది అవుతాయి. తిన్నటి రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ హౌసింగ్‌లో పళ్లు అదే పనిగా తిరుగుతూనే ఉంటాయి. చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. అలా ఆలస్యమైతే స్టెప్నీని ఉత్త మార్పిడి కోసమే వాడండి. కుడి వెనక చోట్లో స్టెప్నీని కాసేపు నిలబెట్టి, మిగతా వరస అంతా నడిపి, చివర్లో ఎడమ ముందు టైరు తెచ్చి కుడి వెనక వేసి స్టెప్నీని తీసెయ్యండి. జాకీ ఒక్కసారి ఎక్కువ పెట్టాలి, అంతే. టైరు మీద బాణం గుర్తుంటే వైపు మారకూడదు, ఆ వైపు ముందుది వెనక్కి, వెనకది ముందుకి.

చోటు చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేలైతే జాకీ కింద మందపాటి చెక్క వెయ్యండి. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎత్తే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి రెండు పక్కలా రాళ్లు పెట్టాలి. హ్యాండ్ బ్రేకు ఉంది కదా, రాయెందుకు అనుకోవద్దు. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టును పట్టుకుంటుంది. వెనక ఒక చక్రం గాల్లోకి లేచిందంటే, షాఫ్టు ఆగినా ఆ చక్రం వెనక్కి తిరుగుతూ రెండో దాన్ని ముందుకు కదలనిస్తుంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉన్న జీపు జాకీ మీంచి జారిపోవడం మా షెడ్డులోనే చూశాను. రాయి పెట్టే అలవాటున్న కుర్రాడు ఆ రోజు పక్క బండి పనిలో ఉన్నాడు, ఆ జీపు పని పెట్టనివాడిది. విప్పిన చక్రాన్ని చాసిస్ కింద పడుకోబెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది, మీ చెయ్యి మిగులుతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది బండిని బట్టి. జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, కమాను కట్టలు. కట్ట పక్కనే యాక్సిల్ గొట్టం కింద పెడితే నాలుగు అంగుళాలు లేపినా చాలు. చాసిస్ కింద పెడితే కట్ట సాగినంత మేరా లేపుతూనే ఉండాలి. థార్‌కి వెనక యాక్సిల్ అలాంటిదే, ముందు చక్రాలు మాత్రం విడివిడిగా ఆడతాయి. అక్కడ బండితో వచ్చిన పుస్తకంలో చూపించిన చోటే పెట్టండి.

చక్రం నేల మీద ఉండగానే నట్లు పావు చుట్టు వదులు చెయ్యాలి. గాల్లో ఉండగా లాగితే బండి ఊగుతుంది. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే నూనె పట్టించి వదిలేయండి. మిలిటరీ డిస్పోజల్‌లో కొన్న పాత జీపైతే ఆగి స్టడ్డు చివర చూడండి. ఎడమ వైపు వాటి మీద ‘ఎల్’ అక్షరం ఉంటే అవి ఉల్టా మర, కుడికి తిప్పితేనే వదులవుతాయి. ఇది తెలియక ఓ పెద్దాయన ఇంట్లో నాలుగడుగుల పైపు తగిలించి రెండు స్టడ్లు విరిచి, మూడో దాని దగ్గర ఆగి మా దగ్గరికొచ్చారు. “బాబూ, ఈ జీపు నా మాట వినట్లేదు” అన్నారు. మేస్త్రి నవ్వలేదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ అక్షరం చూపించి, మూడో నట్టు ఆయన చేతే విప్పించారు. పనివాడికి మర్యాద ఎంత ముఖ్యమో అది చూసి నేర్చుకున్నా.

చక్రం ఊడిరాకపోతే సుత్తి తీయొద్దు. నట్లు రెండు చుట్లు వదులుగా ఉంచి, బండి కిందికి దించి, కొంచెం ఊపండి. పట్టు వదిలేస్తుంది. ఊడాక రిమ్ము లోపలి గోడ చూడండి. మట్టి దారుల బండికి అక్కడ అర కిలో ఎండిన బురద అంటుకుని ఉండొచ్చు. స్టీరింగ్ ఊగుతోందని బ్యాలెన్సింగ్‌కి పరిగెత్తేవాళ్లలో సగం మందికి ఆ బురద గీకితే చాలు. హబ్బు మొహాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా తోమండి. తుప్పు పెళ్ల మీద రిమ్ము కూర్చుంటే నట్లు తరవాత వదులవుతాయి. హబ్బు నడిమి గుండ్రం మీద గ్రీజు వేలితో పల్చగా రాయొచ్చు. స్టడ్డు మరలకు మాత్రం నూనె, గ్రీజు తగలనివ్వొద్దు, బిగింపు లెక్క తప్పుతుంది.

పెద్ద టైరు ఎత్తడానికి నడుము వాడకండి. చక్రాన్ని స్టడ్ల ఎదురుగా నిలబెట్టి, కింద గునపం అడ్డంగా దూర్చండి. పాదంతో గునపం కొనను కొద్దిగా లేపితే చక్రం అంగుళం అంగుళంగా లేచి స్టడ్ల మీదికి వస్తుంది. రెండు చేతులూ ఖాళీ కాబట్టి బొక్కలు సరిచూసుకోవచ్చు. ఈ కిటుకు నాకు నేర్పింది మేస్త్రి కాదు, కటికి జలపాతం దారిలో జీపు నడిపే డ్రైవరు. ఆ రాళ్ల దారిలో ఒక్కడే టైరు మార్చుకోవాలి మరి.

నట్లన్నీ మొదట చేత్తోనే ఎక్కించాలి. చేత్తో ఎక్కలేదంటే మర తప్పిందని అర్థం, పానా పెట్టకుండా వెనక్కి తీయండి. ఐదు నట్లుంటే ఒకటి వదిలి ఒకటి, ఆరుంటే ఎదురెదురుగా బిగించాలి. గాల్లో సగం, నేల మీదికి దించాక పూర్తిగా. ఇలాంటి బండ్లకు సాధారణంగా 100 నుంచి 130 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, మీ బండి లెక్క దాని పుస్తకంలో ఉంటుంది. టార్క్ రెంచ్ కొంటే మంచిదే. లేకపోతే 40 సెంటీమీటర్ల పానా చివర 30 కిలోల బలం పెడితే సుమారు 120 వస్తుంది. పానా మీద ఎక్కి నిలబడే అలవాటు మానెయ్యండి. 70 కిలోల మనిషి ఎక్కితే 270 దాటుతుంది. స్టడ్డు సాగుతుంది, రోడ్డు మీద పంచరైన రోజు మీ ఇంట్లో ఆడవాళ్లో, పిల్లలో ఆ నట్టు విప్పలేరు.

మొదటిసారి ఒక కమాండర్ జీపుకి ఈ వరసంతా నాకొక్కడికే వదిలేశారు మేస్త్రి. టీ తాగొస్తానని వెళ్లి, ఎదురు కొట్లో కూర్చుని చూస్తూనే ఉన్నారు. వచ్చాక మాట్లాడకుండా ప్రతి నట్టుకీ పానా పెట్టి ఒక్కసారి ఆనించారు. ఏదీ కదల్లేదు. “ఓనరు గారికి తాళాలిచ్చి రారా” అన్నారు. అప్పటిదాకా తాళాలిచ్చే పని ఆయనదే.

అన్నీ ఎక్కించాక గాలి మర్చిపోవద్దు. వెనక ఎక్కువ గాలితో తిరిగిన టైరు ఇప్పుడు ముందుకొచ్చింది. చల్లగా ఉన్నప్పుడు కొలిచి బండి పుస్తకంలో ఉన్న లెక్కకి సరిచెయ్యండి, స్టెప్నీతో సహా. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించండి. ఆ తిరగడంలోనే కొత్తగా స్టీరింగ్ ఊగడం మొదలైతే ముందు ఆగి నట్లు చూసుకోండి, అవి బిగువుగానే ఉంటే కంగారు పడొద్దు. వెనక ఉన్నప్పుడు సీటు కింద తెలియని రిమ్ము వంపు, ముందుకొచ్చాక చేతికి తెలుస్తోంది. ఏ చక్రం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లిందో నోటు పుస్తకంలో రాసుకుని, నేరుగా ముందుకొచ్చిన ఆ రెండు చక్రాల్నే విప్పి బ్యాలెన్సింగ్‌కి తీసుకెళ్లండి.