మెహ్రౌలీ కాలిబాట

ఢిల్లీకి దక్షిణాన ఉన్న మెహ్రౌలీకి వెళ్ళేవారిలో పెక్కుమంది కుతుబ్ మీనారును చూచి మరలిపోతారు. దాని ప్రాకారానికి వెలుపల, ముళ్ళపొదల నడుమ సాగే కాలిబాటను పట్టేవారు కొద్దిమందే. ఆ బాట దాదాపు ఆరు శతాబ్దాలను ఒక్క పూటలో చూపుతుంది. అయితే కాలక్రమాన్ని పాటించదు.

మొదట 1287లో మరణించిన సుల్తాను బల్బన్ సమాధి. ఎవరి సభలో నవ్వడానికి సైతం వెరచేవారంటారో ఆ ప్రభువుకు నేడు ఆకాశమే కప్పు. ఆవల 1528 ప్రాంతంలో ఆరంభించిన జమాలీ మసీదు. దాని పక్కనే కవి జమాలీ, కమాలీ అనే మరొకరితో కలిసి శాశ్వతనిద్రలో ఉన్నాడు. ఆ కమాలీ ఎవరో చరిత్ర నిశ్చయంగా చెప్పలేదు. మరికొంత దూరాన అక్బరు దాది కుమారుడైన కులీఖాను సమాధి. 1840లలో తామస్ మెట్కాఫ్ దొర దానినే తన విడిదిగా మార్చుకొని ‘దిల్‌కుషా’ అని పేరు పెట్టాడు. ఆపైన 1506 నాటి మెట్లబావి ‘రాజోంకీ బావోలీ’. అది తాపీపనివారి పేరిట నిలిచిన బావి.

సుల్తాను, కవి, దొర, తాపీపనివాడు: నడిచేవానికి వీరందరూ ఒకే దారిలోని ఇరుగుపొరుగువారు.

2024 జనవరిలో, చేరువనే ఉన్న సంజయ్ వనంలో, రక్షిత కట్టడాల జాబితాకు ఎక్కని శతాబ్దాలనాటి అఖూన్‌జీ మసీదును అక్రమనిర్మాణమని కూల్చివేశారు. మీనారుకు చట్టం కాపు ఉన్నది. జాబితాలో లేని గోడకు, దానిని ఎరిగిన బాటసారులే కాపు. అందుకే ఈ దారిలో గడ్డి మొలవకూడదు.