బొర్రా గుహలకు రైలు ప్రయాణం

పిల్లలూ! మీలో విశాఖపట్నంలో ఉండేవారికి సముద్రం ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. కాని పొద్దున రైలెక్కి, కొండలమీదికి పోయి, భూమి కడుపులోకి దిగి చూసి, మళ్ళీ రాత్రికి ఇల్లు చేరవచ్చునని మీలో ఎంతమందికి తెలుసు?

కిరండూలు పాసింజరు ఉదయమే బయలుదేరుతుంది. వేళలు అప్పుడప్పుడూ మారుతూ ఉంటాయి గనక, ముందురోజే కనుక్కోమని మీ నాన్నగారితో చెప్పండి. మధ్యాహ్నానికి పులిహోర కట్టించుకోండి. పెరుగన్నం మాత్రం వద్దు. మలుపులలో గిన్నె ఒలికి నా పంచె ఒకసారి పాడయింది.

కొత్తవలస, శృంగవరపుకోట దాకా అంతా మైదానమే. బొడ్డవర దాటిన తరువాత కొండలు దగ్గిరపడతాయి. ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. నున్నటి ఇనుప పట్టాల మీద నున్నటి ఇనుప చక్రాలకు పట్టు తక్కువ. అందుచేత రైలు మేకలాగా నిటారుగా కొండ ఎక్కలేదు. కొండను చుట్టుకుంటూ, లోయలను వంతెనలమీద దాటుతూ, అడ్డం వచ్చిన రాతిని తొలుచుకుంటూ, కొంచెం కొంచెంగా ఎక్కవలసిందే. సముద్రపుటొడ్డున బయలుదేరిన ఈ రైలు శిమిలిగూడ చేరేసరికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది!

ఇంతకూ ఈ దారి వేసింది మనబోటి విహారయాత్రికుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నది. దానిని విశాఖ రేవుకు తెచ్చి, ఓడలలో జపానుకు పంపటానికని 1960లలో ఈ మార్గం నిర్మించారు. మార్గం మొత్తంమీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. నేను తీసుకువెళ్ళిన పిల్లలు వాటిని ప్రతిసారీ లెక్కపెట్టారు. ఏ ఇద్దరి లెక్కా కలవలేదు. మీరూ లెక్కపెట్టండి, కాని తల బయటికి పెట్టకండి. సొరంగం గోడ కిటికీకి ఎంత దగ్గిరగా వస్తుందో చీకట్లో తెలియదు.

బొర్రా గుహలు అనే స్టేషనులో దిగాలి. అక్కడినుంచి గుహలు కొద్ది దూరమే. దారిలో మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతారు. గుహ వాకిలి ఎంత పెద్దదంటే, దాని ముందు మనం చీమలమాదిరి కనిపిస్తాము.

ఇంత పెద్ద గుహను తొలిచినది ఏ రాక్షసుడూ కాదు, నీరే. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్ళలో దిగుతూ రాయిని కరిగిస్తుంది. ఈ గుహల గుండా ప్రవహించే గోస్తనీ నదికి కూడా ఈ పనిలో పాలున్నది. ఆ నదే తాటిపూడి జలాశయంలో నిలిచి, చివరకు భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నానికి వస్తాయి గనక, మీలో కొందరు గుహను తొలిచిన నీటినే తాగుతూ ఉండవచ్చు.

కరిగిన సున్నం మళ్ళీ రాయి కావటం ఇంకా వింత. కప్పునుంచి చుక్క వేలాడుతున్నప్పుడు అందులోని వాయువు గాలిలో కలిసిపోతుంది. అప్పుడు రవ్వంత సున్నం కప్పుకు అంటుకుని మిగులుతుంది. ఇట్లా లక్షల చుక్కలు చేరి రాతి ఊడ తయారవుతుంది. దీనిని స్టాలక్టైటు అంటారు. కింద చుక్క పడినచోట లేచేది స్టాలగ్మైటు. ఇవి చాలా గుహలలో ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరగటం కూడా గొప్పే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 1987లో నేను కొత్త మాస్టరును. పిల్లలను వెంటబెట్టుకుని టార్చిలైటుతో గుహ చూస్తూ, వాళ్ళు ముందుకు నడవగానే, అందిన ఊడ కొన ఒకటి పుటుక్కున విరిచి జేబులో వేసుకున్నాను. పాఠానికి పనికివస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగానే చాలా ఏళ్ళు దాన్ని బల్లమీద పెట్టి పాఠం చెప్పాను.

ఒక ఏడు ఏడో తరగతి పిల్ల దాన్ని స్కేలుతో కొలిచి, "అయిదు సెంటీమీటర్లు ఉన్నది, మాస్టారూ! మీరు చెప్పిన లెక్కన అయిదువందల ఏళ్ళు. అంటే కృష్ణదేవరాయల కాలంలో మొదలయిందా?" అని అడిగింది.

"అవునమ్మా," అన్నాను.

"మరి మీకెట్లా వచ్చింది?"

"కింద పడి ఉంటే తెచ్చాను," అన్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. లెక్క చెప్పిన పిల్లకు అబద్ధం చెప్పాను గదా! మర్నాడు తరగతిలో నిలబడి, "కింద పడలేదు, నేనే విరిచాను," అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల మాత్రం ముక్కను చేతిరుమాలులో చుట్టి, "ఇక దీన్ని అందరూ పట్టుకోవద్దు, మాస్టారూ," అని నా సొరుగులో పెట్టింది.

నిరుడు మా మనమణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ అదే రైలెక్కాను. ఇప్పుడు గుహలో రంగురంగుల దీపాలున్నాయి. మెట్లున్నాయి. నేను విరిచిన చోటు కోసం వెతికాను. చేతికి అందినంత ఎత్తులో విరిగిన మొండికొనలు ఎన్నో కనిపించాయి. వాటిలో నాది ఏదో తెలియలేదు.

"దీన్ని మళ్ళీ అతికిస్తే, తాతయ్యా?" అన్నాడు వాడు, నా జేబులోని ముక్కను చూసి.

"అతకదు, నాన్నా."

ఒక మొండికొనకు నీటిచుక్క ఒకటి వేలాడుతున్నది. అది పడేదాకా చూద్దామని ఇద్దరమూ మెడలెత్తుకుని నిలబడ్డాము. చాలాసేపు పడలేదు. ఇంతలో తిరుగురైలుకు వేళయింది.